ఏడు ప్రశ్నలు, నాలుగు గంటలు

(ఉద్దానం వైపు ఒక డయాలసిస్ యూనిట్‌లో పనిచేసే నర్సు డైరీ నుంచి, 2025)

జనవరి 6, సోమవారం

నెఫ్రాలజిస్టు గారు విశాఖ నుంచి వస్తూ కాగితాల కట్ట ఒకటి పట్టుకొచ్చారు. రక్తం తగ్గిందేమోనని నెలనెలా హిమోగ్లోబిన్ చూస్తున్నాం, ఎముకల కోసం కాల్షియం, ఫాస్ఫరస్ చూస్తున్నాం, లోపల ఎంత భయపడుతున్నారో మాత్రం ఎప్పుడూ చూడలేదు, ఇక చూద్దాం అన్నారు. పేరు జీఏడీ-7. గడిచిన రెండు వారాల్లో కంగారుగా ఉందా, ఆలోచనలు ఆపుకోలేకపోతున్నారా, కుదురుగా కూర్చోలేకపోతున్నారా, ఊరికే చిరాకు వస్తోందా, ఏదో చెడు జరగబోతోందని భయమా, ఇలాంటివి ఏడు ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. మొత్తం 21. అయిదు నుంచి కొద్దిపాటి ఆందోళన, పది నుంచి మధ్యస్థం, పదిహేను నుంచి తీవ్రం. పది, ఆ పైన వచ్చినవాళ్లతో డాక్టరు విడిగా మాట్లాడాలి.

2006లో అమెరికాలో స్పిట్జర్ అనే సైకియాట్రిస్టు, ఆయన తోటివాళ్లు దీన్ని మామూలు క్లినిక్కులకి వచ్చే జనం కోసం తయారుచేశారట. అక్కడికి వచ్చే మనిషి కాగితం నింపి ఇంటికెళ్లిపోతాడు. మా దగ్గరికి వచ్చేవాళ్లు వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు, కిడ్నీ మార్పిడి జరిగేదాకానో బతికినన్నాళ్లో వస్తూనే ఉంటారు.

జనవరి 8, బుధవారం

కాగితం ఎప్పుడు అడగాలో ఎవరూ చెప్పలేదు. మిషన్ ఎక్కాక ఎలాగూ పడుకునే ఉంటారు కదా అని మూడో గంటలో మొదలుపెట్టాను. మూడో మంచం పెద్దాయన. కుదురుగా ఉండలేకపోవడం ఉందా అంటే, "ఇప్పుడే అలగుందమ్మా, ఏటో అయిపోతన్నట్టుంది" అన్నాడు. నుదురంతా చెమట. బీపీ చూస్తే 86/50. నీళ్లు లాగే వేగం తగ్గించి, కాళ్లు ఎత్తు పెట్టి, వంద మిల్లీలీటర్ల సెలైన్ వదిలాం. కాసేపటికి తేరుకున్నాడు. "పోయిందమ్మా బయం" అని నవ్వాడు. కాగితంలో ఆ గడి దగ్గర ఏం రాయాలో నాకు తోచక ఖాళీగా వదిలేశాను.

ఏడో మంచం ఆవిడకీ అదే దడ, అదే చెమట. బీపీ 140/90, పల్స్ ఒక్కటే ఎక్కువ. సెలైన్‌తో పోయే రకం కాదు ఇది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే, పంపు తిరగడం చూస్తుంటే తన రక్తం బయట తిరుగుతోందన్న ఆలోచన వస్తుందని, ఒకసారి వచ్చిందంటే ఇక పోదని చెప్పింది. నిమిషానికి దగ్గరదగ్గర మూడువందల మిల్లీలీటర్లు. ఏ క్షణంలో చూసినా ఓ గ్లాసెడు రక్తం గొట్టాల్లోనే ఉంటుంది. చూడొద్దని చెప్పడం తేలిక. మిషన్ ముఖం ఆవిడ వైపే ఉంది మరి. సాయంత్రం షిఫ్టు అయ్యాక టెక్నీషియన్ అబ్బాయి, నేనూ కలిసి ఆ మంచం దిక్కు మార్చాం.

జనవరి 10, శుక్రవారం

ఈ వారం అడిగినవాళ్లలో సగం మందికి పైగా మొత్తం సున్నా. డాక్టరు గారు చూస్తే సంతోషిస్తారేమో కానీ నాకు నమ్మకం లేదు. మంచానికీ మంచానికీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. కర్టెన్లు లేవు. నేను గట్టిగా చదవాలి, ఎందుకంటే చాలామందికి చదువు రాదు, వచ్చినవాళ్లకి సూదులున్న చెయ్యి కదలదు. "రాత్రిళ్లు భయమేస్తుందా" అని నేనంటే అయిదుగురు తలలు ఇటు తిరుగుతాయి. ఆ అయిదుగురి ముందు ఏ మగాడు అవునంటాడు?

ఇంకో తంటా అటెండర్లది. భర్తని అడిగితే భార్య చెబుతుంది. "ఆయనకేటి బయం సిస్టరమ్మా, ఆటో ఎక్కితే నిద్ర, దిగితే నిద్ర. బయం నాకు." ఆ ఆఖరి మాట రాసుకోవడానికి కాగితంలో చోటే లేదు. తోడు వచ్చేవాళ్ల కాగితం వేరే ఉండాలి. డాక్టరు గారికి చెప్పాను. ముందు ఇది నిలబడనివ్వండి అన్నారు. అదీ నిజమే.

జనవరి 14, మంగళవారం. సంక్రాంతి

పండగ కదా అని మిషన్లు ఆగవు. మంగళ, గురు, శనివారాల బ్యాచ్‌లో ముగ్గురు రాలేదు. శనివారం చేయించుకున్నవాళ్లు ఇవాళ మానేస్తే మళ్లీ గురువారమే. మధ్యలో నాలుగు రోజులు. అరిసెలు, పులిహోర, వాటి మీద దాహం. ఇద్దరికి ఫోన్ చేస్తే సాయంత్రం షిఫ్టుకి వస్తామన్నారు. మూడో అతను ఎత్తలేదు.

ఆ మూడో అతను నిరుడు కూడా ఇలాగే అప్పుడప్పుడూ మానేసేవాడు. అందరూ అతన్ని బద్ధకస్తుడంటారు. ఒకసారి అతని భార్య చెప్పింది, డయాలసిస్ ముందురోజు రాత్రి అన్నం తినడట, తెల్లవారుజామున వాంతి చేసుకుంటాడట. అది సూది భయం. మేం వాడేవి మామూలు ఇంజెక్షన్ సూదులు కావు, లావుపాటివి. విడతకి రెండు చొప్పున వారానికి ఆరు, ఏడాదికి మూడువందలు దాటుతాయి. పోయిన వారం అతని కాగితంలో వచ్చింది నాలుగు. మార్కు ప్రకారం ఆందోళన లేనట్టే. ఏడు ప్రశ్నల్లో సూది గురించి ఒక్కటీ లేదు మరి.

జనవరి 19, ఆదివారం

డాక్టరు గారు ఇచ్చిన వ్యాసాలు ఇవాళ చదివాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని మెల్లగా. ఒకదాని దగ్గర ఆగిపోయాను. 2021లో వచ్చిన పరిశీలన, కిడ్నీ రోగుల్లో ఆందోళన మీద అప్పటిదాకా ప్రపంచంలో జరిగిన అధ్యయనాలు అరవై పైచిలుకు కలిపి లెక్కగట్టారు. ప్రశ్నల కాగితంతో చూస్తే వందలో 43 మందికి ఆందోళన లక్షణాలు. నిపుణులు ఎదురుగా కూర్చుని, పద్ధతిగా ఇంటర్వ్యూ చేసి నిర్ధారిస్తే 19 మందికే జబ్బు. ఈ రెంటి మధ్య ఉన్న 24 మంది ఎవరు? నాకు తెలుసు అనిపించింది. మూడో మంచం పెద్దాయన వాళ్లలో ఒకడు. బీపీ పడిపోయినవాళ్లు, రక్తం తక్కువైనవాళ్లు, ఒంట్లో నీరు చేరినవాళ్లు, దురదతో రాత్రంతా గోక్కునేవాళ్లు, కాళ్లు కుదురుగా ఉండనివాళ్లు, వీళ్లతోపాటు పింఛను రాలేదని బెంగపడేవాళ్లు కూడా.

అలాగని కాగితాన్ని చింపేయమని నేననను. 2008లో వచ్చిన ఒక పరిశీలనలో, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక యూనిట్‌లో 70 మందిని ఇంటర్వ్యూ చేస్తే దాదాపు 46 శాతానికి ఏదో ఒక ఆందోళన రుగ్మత తేలింది. అందులో ఏదో ఒక్కదాని మీద ఉండే భయాలు, హఠాత్తుగా ముంచెత్తే భయం దాడులు ఎక్కువ. అంటే కాగితం కొందరిని ఊరికే పట్టుకుంటుంది, కొందరిని వదిలేస్తుంది. వదిలేసినవాళ్ల గురించే నా దిగులు.

బెక్ గారి జాబితా అని ఇంకోటుంది, 1988 నాటిది, 21 అంశాలు. తిమ్మిరి, చెమట, దడ, తల తిరగడం, ఊపిరాడకపోవడం. అది మాకు అస్సలు వద్దు. ఆ అయిదూ మా చార్టులో రోజూ ఉండేవే.

జనవరి 22, బుధవారం

మధ్యాహ్నం ఒక మిషన్ అలారం కొట్టింది. వీనస్ ప్రెషర్. గొట్టం మడత పడింది, సరిచేస్తే ఆగింది. ఈలోగా అన్ని మంచాల మీదా తలలు లేచాయి. మాకు అలారం పనిలో భాగం. వాళ్లకి మాత్రం అది ఎవరి మిషనో తెలిసేదాకా తమదే.

కిటికీ పక్కన పడుకునే ఆయనది వజ్రపుకొత్తూరు వైపు. 2018 అక్టోబర్ 11, తిత్లీ తుపాను. కొబ్బరి చెట్లన్నీ పడిపోయాయి, కరెంటు లేదు, రోడ్డు లేదు. ఆయన తమ్ముడు అప్పటికే డయాలసిస్ మీద ఉన్నాడు. ఆ రోజుల గురించి ఆయన ఎప్పుడూ పూర్తిగా చెప్పడు, తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేస్తాడు. ఇవాళ కరెంటు ఒక్క క్షణం పోయి జనరేటర్ అందుకునేలోగా ఆయన నన్ను అడిగింది ఒకటే. "సేత్తో తిప్పీది ఉంటాది కదమ్మా?" ఉంటుంది. రక్తం పంపు చేత్తో తిప్పే హ్యాండిల్ ప్రతి మిషన్‌కీ ఉంది. చూపించాను. ఒకసారి తానే తిప్పి చూస్తానన్నాడు. షిఫ్టు ముగిశాక, ఎవరికీ కలపని మిషన్ మీద తిప్పనిచ్చాను. రూల్సు సంగతి తర్వాత.

జనవరి 27, సోమవారం

సోమవారం మొదటి షిఫ్టు ఎప్పుడూ బరువే. శుక్రవారం వెళ్లినవాళ్లు మధ్యలో రెండు రోజులు దాటి వస్తారు. తూకం ఎక్కితే మూడు కిలోలు, నాలుగు కిలోలు. మొహాలు ఉబ్బి ఉంటాయి. 2011లో అమెరికాలో 32 వేల మంది రికార్డులు చూసి, ఈ పెద్ద విరామం తర్వాతి రోజునే మరణాలు, గుండె జబ్బుతో ఆసుపత్రి చేరికలు ఎక్కువని తేల్చారు. ఇది మా వాళ్లకి ఎవరూ చెప్పలేదు. అయినా తెలుసు. ఆదివారం రాత్రి నిద్ర పట్టదని ఇవాళ నలుగురు చెప్పారు, నేను అడగకుండానే.

అందుకే రెండు మార్పులు. ఒకటి, ప్రశ్నలు వారం మధ్యలో, అంటే సోమవారం బ్యాచ్‌కి బుధవారం, మంగళవారం బ్యాచ్‌కి గురువారం. రెండు, మిషన్ ఎక్కాక అడగను. స్టోర్ రూమ్ పక్క మూలలో తూకం ఉంది. అక్కడికి ఒక్కొక్కరే వస్తారు, చెప్పులు విప్పి ఎక్కుతారు, అటెండర్ బయటే ఉంటారు. బీపీ ఇంకా పడలేదు, సూది ఇంకా పడలేదు, పక్క మంచం వాడు లేడు. అక్కడ ఒక స్టూలు వేయించాను.

ఫిబ్రవరి 1, శనివారం

ఒకటో తారీఖు. పింఛను రోజు. డయాలసిస్ వాళ్లకి నెలకి పదివేలు. సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి ఇస్తారు. శనివారం బ్యాచ్ వాళ్లు ఆ సమయానికి ఇక్కడ మంచాల మీద ఉంటారు. తాళం వేసి ఉందని వెళ్లిపోతే? పొద్దుటి నుంచి ఒకాయన ఫోను చెవికి పెట్టుకునే ఉన్నాడు. ఆయన ఇంట్లో కొడుక్కి కూడా క్రియాటినిన్ పెరుగుతోంది. జీడి తోట కౌలుకి ఇచ్చేశారు. ఆ పదివేలే ఇల్లు. "నానుంటే ఇల్లు నడుస్తాది. నాను పోతే పింఛనూ పోద్ది. అందుకే బయం, సావంటే కాదు." మొన్న గురువారం ప్రశ్నలప్పుడు తూకం దగ్గర చెప్పాడు ఇది. "రకరకాల విషయాల గురించి అతిగా ఆలోచించడం" అన్న ప్రశ్నకి మూడు మార్కులు వేశాను. వేసి, అతిగా అన్నమాట దగ్గర ఆగాను. ఇందులో అతి ఎక్కడుంది?

సచివాలయం అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. సాయంత్రం వస్తానంది. వచ్చే నెల ఒకటి కూడా శనివారమే, అందుకని ముందే చెప్పి ఉంచాను.

ఫిబ్రవరి 5, బుధవారం

పాతికేళ్లు కూడా లేని అమ్మాయి. రాత్రి నాలుగైదుసార్లు లేచి చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఫిస్టులా (సూదులు గుచ్చేందుకు కలిపిన రక్తనాళం) మోగుతోందా లేదా వింటుందట. మోగకపోతే దారి మూసుకుపోయినట్టే. మళ్లీ ఆపరేషన్, అప్పటిదాకా మెడలో క్యాథెటర్. వాళ్లమ్మ విసుక్కుంటోంది, ఈ పిచ్చేటమ్మా అని. రోజూ పట్టి చూసుకో, ఆ జుయ్‌మనే కదలిక తగ్గితే వెంటనే ఫోన్ చెయ్యి అని నేర్పింది మేమే. ఎన్నిసార్లు చూసుకోవాలో మేం చెప్పలేదు, ఆ అమ్మాయి అడగలేదు.

ఇవాళ లెక్క పెట్టాం. పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. మధ్యలో మెలకువ వస్తే వినొద్దు. బీపీ బాగా పడిన రోజు మాత్రం ఇంకోసారి. ఆ అమ్మాయి ఫోన్‌లో రాసుకుంది. వాళ్లమ్మ కూడా విన్నది.

భయం వీళ్లకి అవసరమే. దాహం వేసినా నీళ్లు తాగకుండా ఆపేది, అరటిపండు పక్కన పెట్టించేది, ఇంటి ముందు పది కొబ్బరి చెట్లుండి కూడా పొటాషియం అని బొండాం ముట్టనివ్వనిది ఆ భయమే. మేం దాన్ని పెంచాం, పెంచడం మా పని. ఎక్కడ ఆపాలో చెప్పడం కూడా మా పనేనని ఈ కాగితం వచ్చాకే తట్టింది.

ఫిబ్రవరి 11, మంగళవారం

నాలుగో మంచం ఖాళీ. ఆదివారం ఇంట్లోనే పోయాడు.

ఎవరూ అడగలేదు. అందరూ చూశారు. పదింటికి కొత్త పేషెంటుని వేశాం, ఎందుకంటే లిస్టులో జనం ఉన్నారు. మాకో అలవాటుంది, వేరే ఆసుపత్రికి మారాడని చెప్పడం. ఇవాళ చెప్పబోతుంటే అయిదో మంచం ముసలమ్మ అందుకుంది. "ఒలమ్మ, నాకు తెలీదనుకున్నావేటి? మా ఊరోడే." ఉద్దానంలో ఏ ఊళ్లో దాచగలం? 2019లో అచ్చయిన ఒక పరిశీలనలో ఇక్కడ రెండు వేల పైచిలుకు మందిని పరీక్షిస్తే వందలో 18 మందికి కిడ్నీ జబ్బు కనిపించింది, వాళ్లలో ఎక్కువమందికి కారణం తెలీనిది. ప్రతి ఇంటికీ ఎవరో ఒకరు.

ఇకనుంచి చెప్పేద్దాం అన్నాను మావాళ్లతో. పేరు చెప్పి, పోయాడని. దానికి ఒకరు ఒప్పుకున్నారు, ఒకరు ఒప్పుకోలేదు. ఏదో చెడు జరగబోతోందని భయమా అన్న ఏడో ప్రశ్న ఈ వారం ఎవరినీ అడగను. జవాబు అందరికీ ఒకటే.

ఫిబ్రవరి 17, సోమవారం

పది దాటినవాళ్ల పేర్లు ఒక పక్క రాస్తున్నాను. రాసి ఏం చెయ్యాలన్నది అసలు గొడవ. సైకియాట్రిస్టు జిల్లా కేంద్రంలో ఉన్నారు. డయాలసిస్ లేని రోజు వెళ్లాలి. లేని రోజంటే ఒంట్లో ఓపిక లేక పడుకునే రోజు. వెళ్లిరావడానికి ఆటో, బస్సు, తోడు, ఒక కూలి పోవడం. చీటీ రాసిస్తే మడిచి జేబులో పెట్టుకుని, అలాగేనమ్మా అంటారు. వెళ్లరు.

మానసిక బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్ టెలీమానస్ ఉంది, 14416. 2022 అక్టోబరులో పెట్టారు. తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు, రాత్రీ పగలూ ఉంటుంది. నంబర్ గోడ మీద అంటిస్తే ఎవరూ చెయ్యలేదు. ఇవాళ ఏడో మంచం ఆవిడకి నా ఫోన్ నుంచే కలిపి, ఇయర్‌ఫోన్ పెట్టి, మంచం అటు తిప్పి ఉంది కాబట్టి గోడ వైపు మొహం పెట్టి మాట్లాడుకోనిచ్చాను. చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో అడగలేదు.

అమెరికాలో చేసిన ఒక ట్రయల్ 2019లో వచ్చింది. కుంగుబాటు ఉన్న 120 మంది డయాలసిస్ రోగుల్లో కొందరికి మాటలతో చేసే చికిత్స, కొందరికి సెర్ట్రలిన్ మాత్ర. పన్నెండు వారాలకి మాత్ర కాస్త మెరుగు, ఇబ్బందులు కూడా దానికే ఎక్కువ. నాకు నచ్చిందేమిటంటే, ఆ మాటల చికిత్స మిషన్ నడుస్తుండగా అక్కడే చేశారు. మా దగ్గర ఉన్నది ఆ నాలుగు గంటలే. మనిషి దొరికితే చాలు.

ఆందోళనకి వాడే, మెడికల్ షాపులో అడగ్గానే దొరికే ఆల్‌ప్రజోలం మాత్రల గురించి విడిగా రాయాలి. ఇవాళ ఇద్దరి సంచుల్లో చూశాను. చీటీ లేదు. ఒకాయన ఉదయం నడక తూలుతోంటే షుగర్ తగ్గిందనుకున్నాం. డాక్టరు గారికి చెప్పాను. ఒక్కసారిగా ఆపకూడదట, మెల్లగా తగ్గిస్తున్నారు.

ఒక సంగతి అందరికీ చెప్పి ఉంచాం. ఎవరైనా "ఇంక రాను, చాలు" అన్నా, బతకాలని లేదన్నా, మార్కుల కోసం చూడొద్దు. ఆ రోజే డాక్టరుకి ఫోన్. ఇంటికి ఒంటరిగా పంపొద్దు.

ఫిబ్రవరి 26, బుధవారం. మహాశివరాత్రి

ఉపవాసాలు. నీళ్లు తాగకపోవడం మా వాళ్లకి కొత్త కాదు కానీ, రాత్రి జాగారం అయ్యాక పళ్లతో విడవడం ప్రమాదం. పొద్దున్నే అందరికీ చెప్పాను. ఒక ముసలమ్మ, "నాకు రోజూ జాగారమేనమ్మా, పున్నెం ఎంతొచ్చుంటాదో" అంది. పడుకోగానే కాళ్లలో ఏదో పాకుతున్నట్టు ఉంటుందట, లేచి నడిస్తే పోతుందట. ఆవిడ కాగితంలో ఆందోళన పదకొండు. నిద్ర లేకపోతే ఎవరికైనా వస్తుంది పదకొండు. ఇది కాళ్ల జబ్బు, డయాలసిస్ వాళ్లలో తరచూ ఉంటుంది. ఫెరిటిన్ చేయించాం, ఐరన్ తక్కువగా ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

మార్చి 6, గురువారం

రెండో విడత అడగడం నడుస్తోంది. ఇవాళ ఒక్క మనిషి గురించే రాస్తాను.

యాభై దాటిన మనిషి. తాపీ పని చేసేవాడు. జనవరిలో వచ్చింది పధ్నాలుగు. రాత్రి రెండింటికి ఎవరో గుండె మీద కూర్చున్నట్టు లేస్తాడు, చచ్చిపోతున్నానని భార్యని లేపుతాడు, కిటికీ తీసి కూర్చుంటాడు, తెల్లవారుతుంది. అందరం భయం దాడి అనుకున్నాం. కాగితమూ అదే చెప్పింది, నిద్రకి ఏమైనా ఇవ్వమని ఆయనా అడిగాడు. మాటల్లో నేను ఎన్ని దిండ్లు పెట్టుకుంటారని అడిగాను. మూడు. చదునుగా పడుకుంటే దగ్గు. దానికి ముందు నెలల్లో ఒకటే ఉండేదట.

ఆయన డ్రై వెయిట్, అంటే అదనపు నీరంతా తీశాక ఉండాల్సిన తూకం, రికార్డులో 58 కిలోలు. ఎప్పటి 58? నిరుడు వేసింది. ఈలోగా మనిషి చిక్కిపోయాడు. తిండి తగ్గింది, కండ కరిగింది. కరిగిన చోట నీరు చేరింది. తూకం మాత్రం 58 దగ్గరే నిలబడింది, మేం అంతా సరిగ్గా ఉందని మిషన్ ఆపేస్తూ వచ్చాం. ఊపిరితిత్తుల్లో నీరు. రాత్రి పడుకోగానే పైకి వస్తోంది. డాక్టరు గారు ఒక్కో విడతకీ కొంచెం కొంచెంగా దించుతూ 55న్నరకి తెచ్చారు.

ఇవాళ అడిగితే అయిదు. ఒక దిండు. "ఏ మందిచ్చారమ్మా?" అన్నాడు. మందు కాదు, నీళ్లు తీశామని చెప్పాను. నమ్మినట్టు లేడు. ఆ పధ్నాలుగు అబద్ధం కాదు. అది ఊపిరితిత్తుల మాట అని పోల్చుకోవడానికి మాకే ఆలస్యమైంది. అడగకపోతే అదీ ఉండేది కాదు, నిద్రమాత్ర రాసి పంపేవాళ్లం.

అప్పటినుంచి పది దాటిన ప్రతివాళ్లకీ ముందు చూసేవి రాసుకున్నాను: తూకం, దిండ్లు, హిమోగ్లోబిన్, రాత్రి కాళ్లు, దురద, సంచిలో మాత్రలు. ఇవన్నీ సరిచేశాక కూడా పది మిగిలితే అది లోపలి భయం. అప్పుడు డాక్టరు, 14416, సైకియాట్రిస్టు. ఎదురుగా కూర్చుని అడిగితే తేలిన ఆ 19 మంది ఇలా చూస్తూ పోతేనే మిగులుతారేమో.

మార్చి 13, గురువారం

ప్రపంచ కిడ్నీ దినోత్సవం. బ్యానర్, ర్యాలీ, ఉపన్యాసం, సమోసాలు. సమోసాలు పేషెంట్లకి కూడా పంచబోయారు. ఆపాను.

మార్చి 19, బుధవారం

ఏ కాగితం ఉంచుదామని డాక్టరు గారు అడిగారు. ఇంకోటి కూడా తెచ్చారు, హెచ్ఏడీఎస్ అని, 1983లో ఇంగ్లండులో జిగ్మండ్, స్నెయిత్ తయారుచేశారు. ఆసుపత్రి రోగుల కోసమనే చేసింది కాబట్టి ఒంటి లక్షణాలు కావాలనే వదిలేశారు. పధ్నాలుగు ప్రశ్నలు, ఏడు ఆందోళనకి, ఏడు కుంగుబాటుకి. మొదట్లో ఇదే మేలనిపించింది. కానీ బ్రూక్లిన్‌లో ఇంటర్వ్యూలతో పోల్చి చూస్తే అది కూడా జబ్బున్నవాళ్లని సరిగ్గా పట్టలేకపోయిందట. పైగా పధ్నాలుగు ప్రశ్నలంటే తూకం దగ్గర క్యూ గుమ్మం దాటుతుంది.

పాతదే ఉంచుదామన్నాను. అడిగే చోటు, అడిగే రోజు మారకపోతే చాలు, ఏ కాగితమైనా నాకు ఒకటే. మార్కుల కింద మా కోసం రెండు వరుసలు కలిపాం. సూది అంటే భయమా? ఈ నెలలో ఏ రోజైనా రాకుండా ఉండాలనిపించిందా? వీటికి మార్కులు లేవు, అవును, కాదు అంతే. ఇలా కలపడం శాస్త్రం ఒప్పుకోదని డాక్టరు గారు అన్నారు, అయినా మొత్తంలో కలపట్లేదు కదా అని ఒప్పుకున్నారు.

మార్చి 25, మంగళవారం

సంక్రాంతికి రాని అతను. మొన్న గురువారం కింది రెండు వరుసల్లోనూ అవును అన్నాడు. పైన ఏడింటిలో మళ్లీ నాలుగే.

గంట ముందు పూసే మత్తు క్రీము ఇచ్చాం. కొంచెం తేడా ఉందట. అసలు సంగతి తర్వాత చెప్పాడు. రెండో షిఫ్టులో ఉండే టెక్నీషియన్ గుచ్చితే ఒకసారే పడుతుంది, మాట్లాడుతూ గుచ్చుతాడు, ఎప్పుడు పడిందో తెలీదు. మొదటి షిఫ్టులో ఎవరు గుచ్చుతారో ఆ పూట దాకా తెలీదు. తెల్లవారుజామున వాంతి దానికే. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, చెబితే మిగతావాళ్లని అవమానించినట్టవుద్దని.

రెండో షిఫ్టుకి మార్చాలి. అతను ఒక్కడే రాడు. ఒకే ఆటోలో ముగ్గురు వస్తారు, ఛార్జీ పంచుకుంటారు. అతన్ని మారిస్తే ముగ్గురినీ మార్చాలి. మిగతా ఇద్దరిలో ఒకాయన సరేనన్నాడు, ఒకాయన మధ్యాహ్నం అయితే మనవరాలిని బడి నుంచి తీసుకురావాలన్నాడు. ఆటో అబ్బాయికి మధ్యాహ్నం సోంపేట బేరం ఉంది.

మార్చి 30, ఆదివారం. ఉగాది

సెలవు. పచ్చడి చేస్తూ ఉండగా ఆటో అబ్బాయి ఫోన్ చేశాడు. సోంపేట బేరం తమ్ముడికి ఇచ్చేశాడట. మనవరాలి సంగతి ఇంకా తేలలేదు. బడి దగ్గర దించే వేరే ఆటో ఏదైనా దొరుకుతుందేమో మంగళవారం ఆ పెద్దాయన్ని అడగాలి. దొరికితే గురువారం నుంచి ముగ్గురూ రెండో షిఫ్టు.